మొదటి క్రెడిట్ కార్డు: స్కోర్ పెరిగేలా, వడ్డీ పడకుండా మొదటి ఏడాది ఎలా వాడాలి

కొత్తగా జాబ్‌లో చేరినవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే, "కార్డు వచ్చింది, ఇప్పుడు ఏం చేయాలి, సిబిల్ పెరగాలంటే ఎలా వాడాలి" అని. అందుకే అప్లై చేయక ముందు నుంచి ఏడాది నిండేదాకా ఏ పని తర్వాత ఏ పనో వరసగా రాస్తున్నా.

ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సిబిల్ స్కోర్, అంటే మీరు అప్పులు ఎంత సరిగ్గా కడతారో చూపే అంకె, పెరగడానికి మీరు బ్యాంకుకి ఒక్క రూపాయి వడ్డీ కట్టక్కర్లేదు. "కొంచెం బ్యాలెన్స్ బాకీ ఉంచితే స్కోర్ పెరుగుతుందట" అని చాలామంది నమ్ముతున్నారు, అది తప్పు. వాడాలి, బిల్లు రావాలి, ఆ బిల్లు మొత్తం టైమ్‌కి కట్టాలి. కింద చెప్పే స్టెప్పులన్నీ ఈ పని నెల నెలా తప్పకుండా జరిగేలా చూస్కోవడానికే.

## 1. అప్లై చేసే ముందు మీ రిపోర్ట్ చూస్కోండి

క్రెడిట్ రిపోర్ట్ అంటే మీ అప్పులు, వాటిని కట్టిన తీరు రాసి ఉండే రికార్డు. మన దేశంలో దాన్ని ఇచ్చే సంస్థలు (వీటినే బ్యూరోలు అంటారు) నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కో సంస్థ నుంచి ఏడాదికి ఒక పూర్తి రిపోర్ట్ ఫ్రీగా తీసుకోవచ్చు, ఇది ఆర్‌బీఐ పెట్టిన రూల్. సిబిల్ స్కోర్ 300 నుంచి 900 మధ్యలో ఉంటుంది, 750 దాటితే మంచి స్కోర్ కింద లెక్క.

ఇప్పటిదాకా ఏ లోనూ తీసుకోకపోతే స్కోర్ ఉండాల్సిన చోట ఎన్‌హెచ్ అనో మైనస్ 1 అనో కనిపిస్తుంది. అది చూసి కంగారు పడొద్దు, మీకు హిస్టరీ లేదని అర్థం, అంతే. మీ రిపోర్ట్ మీరే చూస్కుంటే స్కోర్ తగ్గదు, ఎన్నిసార్లు చూసినా తగ్గదు.

"నాకు లోన్లే లేవు కదా, ఇంక చూసేదేముంది" అనుకోకండి. చదువుకునే రోజుల్లో ఏదో యాప్‌లో పే లేటర్ (ఇప్పుడు కొని తర్వాత కట్టే ఆప్షన్) ఆన్ చేసి 300 రూపాయలు బాకీ మర్చిపోయినవాళ్ళు ఉన్నారు, అది రిపోర్ట్‌లో లోన్‌గానే ఉంటుంది, కట్టకపోతే ఓవర్‌డ్యూగా ఉంటుంది. మీ పాన్ మీద ఎవరో తీసుకున్న లోన్ కూడా ఇక్కడే బయటపడుతుంది.

రిపోర్ట్‌లో చూడాల్సినవి:
- పేరు, పుట్టిన తేదీ, పాన్ నంబర్ కరెక్ట్‌గా ఉన్నాయా
- మీకు తెలియని లోన్ కానీ కార్డు కానీ ఉందా
- పాత పే లేటర్ అకౌంట్లు ఓపెన్‌లోనే ఉన్నాయా
- ఎంక్వైరీల లిస్టులో (మీ రిపోర్ట్ తెప్పించుకున్నవాళ్ళ లిస్టు) మీరు అప్లై చేయని కంపెనీల పేర్లు ఉన్నాయా

తప్పు కనబడితే ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే డిస్ప్యూట్ పెట్టండి. 30 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. ఇది తేలాకే కార్డుకి అప్లై చేయండి.

## 2. ఏ కార్డు తీసుకోవాలి

మాల్‌లోనో, పెట్రోల్ బంక్ దగ్గరో టేబుల్ వేసుకుని పిలిచేవాళ్ళ దగ్గర ఫస్ట్ కార్డు తీసుకోవద్దనే చెప్తా. వాళ్ళు చెప్పే లాంజ్‌లు, పాయింట్లు మీకు మొదటి ఏడాది పెద్దగా ఉపయోగపడవు. ఇప్పుడు కావాల్సింది యాన్యువల్ ఫీజు లేని, లిమిట్ తక్కువైనా పర్లేదనిపించే మామూలు కార్డు ఒకటి.

శాలరీ వచ్చేవాళ్ళు: మీ శాలరీ అకౌంట్ ఉన్న బ్యాంకు యాప్‌లో ప్రీ అప్రూవ్డ్ ఆఫర్ ఉందేమో ముందు చూడండి. మీ జీతం వాళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి హిస్టరీ లేకపోయినా అక్కడ దొరికే ఛాన్స్ ఎక్కువ, ఆటోపే (బిల్లు దానంతటదే అకౌంట్ నుంచి కట్ అయ్యేలా) పెట్టుకోవడం కూడా ఈజీ.

పేస్లిప్ లేనివాళ్ళు, అంటే స్టూడెంట్స్, గృహిణులు, సొంత షాపు ఉన్నవాళ్ళు, రిజెక్ట్ అయినవాళ్ళు: ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) మీద ఇచ్చే కార్డు తీసుకోండి. 20 వేలు ఎఫ్‌డీ వేస్తే దాని మీద బ్యాంకుని బట్టి 80 నుంచి 100 శాతం దాకా లిమిట్ ఇస్తారు, ఎఫ్‌డీ వడ్డీ ఎఫ్‌డీకి వస్తూనే ఉంటుంది, కార్డు క్లోజ్ చేసేదాకా దాన్ని విడిపించుకోలేరు, అదొక్కటే తేడా. బ్యూరోలకి ఇది కూడా మామూలు కార్డులాగే రిపోర్ట్ అవుతుంది. దీన్ని చిన్నచూపు చూడక్కర్లేదు, నన్నడిగితే చేతిలో డబ్బు నిలవనివాళ్ళకి ఇదే బెస్ట్ ఫస్ట్ కార్డు, ఎందుకంటే లిమిట్ ఎంతో మీరే నిర్ణయించుకుంటారు. కానీ "ఎఫ్‌డీ ఉంది కదా, కట్టకపోతే అందులోంచి తీసుకుంటార్లే" అనుకోవద్దు. తీసుకుంటారు, దాంతోపాటు లేట్ అయినట్టు రిపోర్ట్‌లోనూ ఎక్కుతుంది.

అప్లై చేసే ముందు అడగాల్సినవి:
- జాయినింగ్ ఫీజు, యాన్యువల్ ఫీజు ఎంత, ఎంత ఖర్చు పెడితే మాఫీ అవుతుంది
- "లైఫ్‌టైమ్ ఫ్రీ" అని నోటితో చెప్పారా, రాతలో ఉందా
- నెలకి వడ్డీ ఎంత శాతం, లేట్ ఫీజు ఎంత
- కార్డుతో పాటు ఇన్సూరెన్స్ కానీ ప్రొటెక్షన్ ప్లాన్ కానీ అంటగడుతున్నారా

వడ్డీ, ఛార్జీలన్నీ ఒక పేజీలో రాసిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధనల్లో ఉంది. అది అడిగి తీసుకోండి.

## 3. ఒక్క చోటే అప్లై చేయండి

మీరు అప్లై చేసిన ప్రతిసారీ ఆ బ్యాంకు మీ రిపోర్ట్ తెప్పించుకుంటుంది, అది ఎంక్వైరీగా నమోదవుతుంది. ఒక చోట రిజెక్ట్ అయిందని అదే వారంలో ఇంకో నాలుగు చోట్ల అప్లై చేస్తే, తర్వాత చూసేవాళ్ళకి "ఈయనకి డబ్బు చాలా అర్జెంట్‌గా ఉంది" అన్నట్టు కనబడుతుంది.

రిజెక్ట్ అయితే కారణం అడగండి, ఆరు నెలలు ఆగండి. అంతదాకా ఆగలేకపోతే ఎఫ్‌డీ కార్డుకి వెళ్ళండి.

మీరు అడక్కుండా కార్డు పంపితే దాన్ని యాక్టివేట్ చేయకండి. 30 రోజులు దాటినా యాక్టివేట్ చేయని కార్డుకి బ్యాంకు ఓటీపీ ద్వారా మీ అంగీకారం అడగాలి, మీరు ఒప్పుకోకపోతే ఏ ఛార్జీ లేకుండా వాళ్ళే క్లోజ్ చేయాలి. కాబట్టి వద్దనుకున్న కార్డుకి వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

## 4. కార్డు చేతికి వచ్చిన రోజు చేయాల్సినవి

ఆ రోజే ఏదో ఒకటి కొనేయాలని అనిపిస్తుంది. ఆగి ఒక అరగంట ఈ పనులకి పెట్టండి:

- బ్యాంకు యాప్‌లో లాగిన్ అయ్యి పిన్ సెట్ చేస్కోండి
- ఆన్‌లైన్ వాడకం ఆన్ చేసి లిమిట్ పెట్టుకోండి, ఇంటర్నేషనల్ ఆఫ్‌లోనే ఉంచండి
- ట్యాప్ చేసి కట్టే ఆప్షన్‌లో 5,000 దాకా పిన్ అడగదు, వద్దనుకుంటే ఆఫ్ చేయండి
- ఏటీఎం క్యాష్ లిమిట్ జీరో చేయండి
- మొబైల్ నంబర్, ఈమెయిల్ కరెక్ట్‌గా ఉన్నాయో చూడండి, ఈమెయిల్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా స్టేట్‌మెంట్ మీకు చేరదు
- కస్టమర్ కేర్ నంబర్ కార్డు వెనక నుంచి చూసి సేవ్ చేస్కోండి, గూగుల్‌లో వెతికి కాదు

"వెల్‌కమ్ కాల్" అంటూ ఫోన్ వచ్చి నంబరో, ఓటీపీనో అడిగితే కట్ చేయండి. లిమిట్ పెంచుతాం, పాయింట్లు ఈ రోజుతో ఎక్స్‌పైర్ అవుతాయి, ఈ ఫైల్ ఇన్‌స్టాల్ చేయండి అని వాట్సాప్‌లో వచ్చేవన్నీ మోసాలే. కొత్త కార్డువాళ్ళకి ఏది నిజమో తెలియదు కాబట్టి త్వరగా పడిపోతారు.

## 5. రెండు తేదీలు మనసులో పెట్టుకోండి

చాలామంది దెబ్బ తినేది ఇక్కడే, అందుకని కొంచెం వివరంగా చెప్తా.

ఒకటి స్టేట్‌మెంట్ డేట్, అంటే బిల్లు తయారయ్యే రోజు. రెండోది డ్యూ డేట్, అంటే ఆ బిల్లు కట్టాల్సిన ఆఖరి రోజు. ఈ రెండింటి మధ్య మామూలుగా 18 నుంచి 20 రోజులు ఉంటాయి.

మీ స్టేట్‌మెంట్ డేట్ ప్రతి నెలా 15, డ్యూ డేట్ తర్వాతి నెల 4 అనుకుందాం. జూలై 14న ఒక మిక్సీ కొన్నారు, అది జూలై 15 బిల్లులో వచ్చేస్తుంది, ఆగస్టు 4కి కట్టాలి, అంటే మీకు దొరికింది 21 రోజులే. అదే మిక్సీ జూలై 16న కొంటే ఆగస్టు 15 బిల్లులో వస్తుంది, సెప్టెంబర్ 4కి కట్టాలి, అంటే 50 రోజులు. "50 రోజులు వడ్డీ లేదు" అని యాడ్‌లో చెప్పేది ఇదే, ప్రతి కొనుగోలుకీ 50 రోజులు రావు.

జీతం 1న పడుతుంటే డ్యూ డేట్ 4, 5 తేదీల్లో ఉండేలా చూస్కోండి, జీతం అకౌంట్‌లో ఉండగానే బిల్లు వెళ్ళిపోతుంది. డ్యూ డేట్ 25న ఉంటే నెలాఖరులో డబ్బులు అయిపోయిన టైమ్‌కి బిల్లు నెత్తిన పడుతుంది. బిల్లింగ్ సైకిల్ మార్చుకునే అవకాశం కనీసం ఒకసారైనా బ్యాంకు ఇవ్వాలి, అది కూడా ఆర్‌బీఐ నిబంధనల్లోనే ఉంది. యాప్‌లో దొరక్కపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడగండి. కార్డు వచ్చిన మొదటి నెలలోనే చేయించేసుకుంటే మంచిది.

## 6. ఆటోపే పెట్టండి, "టోటల్"కే పెట్టండి

ఆటోపే పెట్టేటప్పుడు రెండు ఆప్షన్లు వస్తాయి: టోటల్ అమౌంట్ డ్యూ, అంటే బిల్లు మొత్తం; మినిమమ్ అమౌంట్ డ్యూ, అంటే ఆ నెలకి కనీసం కట్టాల్సింది. తొందరలో మినిమమ్ సెలెక్ట్ చేసి "నాకు ఆటోపే ఉంది" అని నిశ్చింతగా ఉండేవాళ్ళు చాలామంది ఉన్నారు, నాలుగు నెలల తర్వాత వడ్డీ లైన్ చూసి అప్పుడు వెతుక్కుంటారు. టోటల్ పెట్టండి.

అదే బ్యాంకులో అకౌంట్ ఉంటే ఆటోపే త్వరగా యాక్టివేట్ అవుతుంది, వేరే బ్యాంకు అకౌంట్‌కి లింక్ చేస్తే టైమ్ పడుతుంది. కాబట్టి మొదటి బిల్లు మాత్రం చేత్తో కట్టండి, ఆటోపే యాక్టివ్ అని యాప్‌లో కనిపించాకే దాని మీద ఆధారపడండి.

డ్యూ డేట్‌కి రెండు రోజుల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని అకౌంట్‌లో బ్యాలెన్స్ చూడండి. బ్యాలెన్స్ లేక ఆటోపే ఫెయిలైతే కార్డు వైపు లేట్ ఫీజు, అకౌంట్ వైపు రిటర్న్ ఛార్జీ, రెండూ పడతాయి.

ఒకవేళ డ్యూ డేట్ దాటిపోయిందనుకోండి, అదే రోజు, లేదా మర్నాడే కట్టేయండి. డ్యూ డేట్ తర్వాత మూడు రోజులకి మించి ఆలస్యమైతేనే లేట్ ఫీజు వేయాలి, బ్యూరోకి ఓవర్‌డ్యూగా రిపోర్ట్ చేయాలి అని రూల్. కానీ ఆ మూడు రోజులనే డ్యూ డేట్ అనుకుని అలవాటు చేస్కోవద్దు, వడ్డీకి ఆ వెసులుబాటు లేదు.

## 7. ఎంత వాడాలి, దేనికి వాడాలి

లిమిట్ 50 వేలు ఉంటే అది మీ డబ్బు కాదు, జీతానికి తోడు వచ్చిన అదనపు జీతం అంతకన్నా కాదు. అకౌంట్‌లో ఇప్పుడు డబ్బు ఉన్న వస్తువే కార్డు మీద కొనండి.

మొదటి మూడు నెలలు రెండు మూడు రెగ్యులర్ ఖర్చులకే వాడండి. కరెంటు బిల్లు, మొబైల్ రీఛార్జ్, నెల సరుకులు సరిపోతాయి. ఎలాగూ పెట్టే ఖర్చే కాబట్టి కొత్తగా భారం ఉండదు, ప్రతి నెలా బిల్లు వస్తుంది, కడతారు, హిస్టరీ తయారవుతుంది.

లిమిట్‌లో 30 శాతం లోపు వాడమని అందరూ చెప్తారు. అది ఆర్‌బీఐ రూల్ కాదు, ఒక అంచనా లెక్క, కానీ పాటించదగ్గదే. లిమిట్‌లో ఎక్కువ భాగం వాడేస్తూ ఉంటే ఆ మనిషి అప్పు మీద నడుస్తున్నాడని స్కోర్ లెక్కలో పడుతుంది. 30 వేల లిమిట్ అయితే 9 వేలు అన్నమాట.

మరి 24 వేల ఫ్రిజ్ కొనాల్సి వస్తే? కొనండి, ట్రాన్సాక్షన్ కార్డు యాప్‌లో పోస్ట్ అవ్వగానే బిల్లు కోసం ఆగకుండా ఒక 20 వేలు కట్టేయండి. 2025 జనవరి నుంచి బ్యాంకులు నెలకి ఒక్కసారి కాకుండా అంతకన్నా తరచుగా బ్యూరోలకి డేటా పంపాలి, కాబట్టి స్టేట్‌మెంట్ దాకా ఆగడం కన్నా వెంటనే తగ్గించేయడమే మేలు. మిగిలిన 4 వేలు బిల్లులో రానివ్వండి, అది ఆటోపేలో పోతుంది.

రూపే కార్డు అయితే యూపీఐకి లింక్ చేసి షాపుల క్యూఆర్ మీద కట్టొచ్చు. ఇది సౌకర్యమే, దీనితోనే జాగ్రత్తగా కూడా ఉండాలి. ఇడ్లీకి 60, టీకి 20, ఆటోకి 80 అని కొడుతూ పోతే ఏదీ ఖర్చులా అనిపించదు, నెలాఖరుకి తడిసి మోపెడవుతుంది. ఖర్చు చేయి దాటుతుందనిపిస్తే మొదటి ఆరు నెలలు లింక్ చేయకండి.

## 8. బిల్లు వచ్చాక పది నిమిషాలు చదవండి

ఎస్ఎంఎస్‌లో వచ్చిన అమౌంట్ చూసి కట్టేయకుండా పీడీఎఫ్ తెరిచి చూడండి.

- ప్రతి లైను మీరు చేసిన ఖర్చేనా
- ఫ్రీ ట్రయల్ అని కార్డు ఇచ్చిన సబ్‌స్క్రిప్షన్ ఏదైనా కట్ అయిందా
- ఫీజు, వడ్డీ, జీఎస్టీ అన్న లైన్లు ఉన్నాయా, ఉంటే ఎందుకు
- పోయిన నెల కట్టింది జమ అయిందా

ఒక వస్తువు రిటర్న్ చేశారు, రీఫండ్ రావాలి అనుకోండి. "అది వస్తుంది కదా" అని బిల్లులో అంత తగ్గించి కట్టొద్దు. రీఫండ్ లేటయితే బిల్లు పూర్తిగా కట్టనట్టే లెక్క. మొత్తం కట్టేయండి, రీఫండ్ వచ్చినప్పుడు తర్వాతి బిల్లులో సర్దుబాటు అవుతుంది.

మీరు చేయని ట్రాన్సాక్షన్ కనబడితే ముందు యాప్‌లో కార్డు బ్లాక్ చేయండి, తర్వాత బ్యాంకుకి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోండి, మోసమైతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చెప్పండి. తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా బయట ఎక్కడో జరిగితే, మీకు సమాచారం అందిన మూడు వర్కింగ్ డేస్ లోపల చెప్తే మీ మీద భారం పడకూడదు. ఓటీపీ మీరే చెప్పేసి ఉంటే మాత్రం, బ్యాంకుకి చెప్పేదాకా పోయిన డబ్బు భారం మీ మీదే పడుతుంది.

## 9. మినిమమ్ డ్యూ కడితే ఏమవుతుందో లెక్క చూడండి

జూన్ 20న 20,000 పెట్టి ఫోన్ కొన్నారు. జూలై 15న బిల్లు, ఆగస్టు 4 డ్యూ డేట్. బిల్లులో టోటల్ 20,000, మినిమమ్ 1,000 అని ఉంది. మీరు ఆగస్టు 4న 1,000 కట్టారు. కార్డు వడ్డీ నెలకి 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం.

- మొత్తం కట్టలేదు కాబట్టి వడ్డీ కొన్న రోజు నుంచే మొదలవుతుంది: 20,000 మీద 45 రోజులకి సుమారు 1,036
- ఆగస్టు 4 నుంచి 15 దాకా మిగిలిన 19,000 మీద సుమారు 240
- ఈ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ సుమారు 230

మొత్తం సుమారు 1,506. ఆగస్టు 15 బిల్లులో మీ బాకీ 20,506. వెయ్యి కట్టాక కూడా మొదటి బాకీ కన్నా ఎక్కువే ఉంది.

ఇంకోటి, ఇలా బాకీ ఉన్నన్నాళ్ళూ కొత్తగా కొన్నవాటికి కూడా ఆ 50 రోజుల వెసులుబాటు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ. పాత బాకీ పూర్తిగా తీరేదాకా ఇంతే.

"30 శాతం కన్నా ఎక్కువ వడ్డీ వేయకూడదని కోర్టు చెప్పింది కదా" అని కొంతమంది అంటారు. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అలా చెప్పిన మాట నిజమే, 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

మినిమమ్ కడితే లేట్ ఫీజు పడదు, రిపోర్ట్‌లో లేట్ అని రాదు, దాని ఉపయోగం అంతవరకే. జీతం ఆగిపోయిన నెలలోనో, ఇంట్లో ఎవరైనా హాస్పిటల్‌లో ఉన్నప్పుడో అసలు కట్టకపోవడం కన్నా అది కట్టడం నయం. మామూలు నెలలో దాని జోలికి పోవద్దు.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

ఏటీఎంలో క్యాష్ తీయడం. దీనికి వడ్డీ లేని రోజులు ఒక్కటి కూడా లేవు. 5,000 తీస్తే ఫీజు 500 ఉండే కార్డులో జీఎస్టీతో 590, నెల రోజుల వడ్డీ జీఎస్టీతో కలిపి ఇంకో 200 పైన. దాదాపు 800 పోయినట్టే. ఇప్పటికే తీసేసి ఉంటే బిల్లు దాకా ఆగకుండా ఈ రోజే కట్టేయండి, ప్రతి రోజుకీ వడ్డీ నడుస్తోంది.

షాపులో కార్డు గీకించి క్యాష్ తీసుకోవడం. "రెండు శాతం కమిషన్, వెంటనే క్యాష్" అని బోర్డులు కనిపిస్తాయి. కొనని వస్తువుకి బిల్లు చేయడం అది, బ్యాంకు కనిపెడితే కార్డు ఆపేస్తుంది. పైగా ఇలా ఒక కార్డు బాకీని ఇంకో కార్డుతో తిప్పడం మొదలుపెట్టినవాళ్ళు బయటపడటం చాలా కష్టం, దయచేసి దీంట్లో అడుగు పెట్టొద్దు.

చుట్టాలకి, ఫ్రెండ్స్‌కి కొనిపెట్టడం. "బావా, నీ కార్డు మీద ఒక ఫోన్ తీసుకో, నెల నెలా నేనిచ్చేస్తా" అని మొహమాటపెడతారు. ఆయన రెండో నెల ఇవ్వకపోతే లేట్ అయ్యేది మీ రిపోర్ట్‌లో, ఆయనది కాదు. కాదనలేని సందర్భమైతే డబ్బు ముందు మీ అకౌంట్‌లో వేయించుకుని తర్వాత కొనండి. "ఆటోపే పెట్టా బావా, అకౌంట్‌లో లేకపోతే నాకు ఫైన్ పడుతుంది" అంటే చాలామంది అర్థం చేసుకుంటారు.

నో కాస్ట్ ఈఎంఐ అంటే పూర్తిగా ఫ్రీ అనుకోవడం. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ మీ మీదే పడతాయి, క్యాష్ డిస్కౌంట్ కూడా పోవచ్చు. వస్తువు మొత్తం ధర మీ లిమిట్‌లో ఇరుక్కుంటుంది, నెల నెలా కట్టేకొద్దీ మెల్లగా వదులుతుంది. ఒకేసారి ఒక ఈఎంఐకి మించి పెట్టుకోవద్దు.

పాయింట్ల కోసం ఖర్చు. ఇంకో 3 వేలు కొంటే వోచర్ వస్తుందని అవసరం లేనిది కొనడం. మొదటి ఏడాది పాయింట్లని అసలు పట్టించుకోవద్దు.

ఇప్పటికే బాకీ పేరుకుపోయింది, ఏం చేయాలి? ముందు ఆ కార్డు మీద కొనడం పూర్తిగా ఆపండి, యాప్‌లో ఆన్‌లైన్ వాడకం ఆఫ్ చేయండి. బ్యాంకుకి ఫోన్ చేసి మొత్తం బాకీని ఈఎంఐగా మార్చమనండి, మామూలుగా కార్డు వడ్డీ కన్నా తక్కువకే చేస్తారు. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకుని కార్డు తీర్చేయడం ఇంకా చవక పడొచ్చు. ఇంట్లోవాళ్ళకి చెప్పడానికి సిగ్గుపడి నెలలు గడిపేవాళ్ళు ఎక్కువ, 42 శాతం వడ్డీ దగ్గర ప్రతి నెలా ఖరీదే, త్వరగా చెప్పండి.

సెటిల్‌మెంట్ ఒప్పుకోవడం. "60 వేలకి 35 కట్టండి, క్లోజ్ చేస్తాం" అంటారు. రిపోర్ట్‌లో అది క్లోజ్డ్ అని కాదు, సెటిల్డ్ అని పడుతుంది, రేపు హోమ్ లోన్‌కి వెళ్తే అక్కడ అడ్డొస్తుంది. ఏ మాత్రం వీలున్నా టైమ్ అడిగి మొత్తం కట్టండి. ఇప్పటికే సెటిల్ చేసి ఉంటే మిగిలింది కట్టేసి, నో డ్యూస్ లెటర్ (బాకీ ఏమీ లేదని ఇచ్చే లెటర్) తీసుకుని, స్టేటస్ మార్చమని రాతపూర్వకంగా అడగండి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు సబబుగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టొచ్చు, ఫీజు ఏమీ లేదు. ఎలా పెట్టాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేసి అడగండి.

## 11. ఆరో నెల, పన్నెండో నెల

ఆరో నెలలో మళ్ళీ రిపోర్ట్ తీయండి. ఈసారి స్కోర్ కనిపించాలి. కార్డు అకౌంట్ కింద నెల నెలా కట్టిన వివరం గడుల్లో ఉంటుంది, టైమ్‌కి కట్టిన ప్రతి నెలకీ 000 అనో ఎస్‌టీడీ అనో ఉండాలి. ఈ గడులు 36 నెలల దాకా కనిపిస్తాయి, కాబట్టి ఒక్క నెల లేటయినా మూడేళ్ళు అక్కడే ఉంటుంది.

లిమిట్ పెంచుతామని ఆఫర్ వస్తే, గత ఆరు నెలల్లో ఒక్కసారి కూడా బాకీ ఉంచలేదనుకుంటే ఒప్పుకోండి. ఖర్చు పెంచకుండా లిమిట్ మాత్రం పెరిగితే వాడకం శాతం తగ్గుతుంది, స్కోర్‌కి మంచిదే. చేయి ఆగదనిపిస్తే వద్దనండి, మీరు ఒప్పుకోకుండా పెంచడానికి వీల్లేదు.

రెండో కార్డు ఏడాది దాకా వద్దు. దగ్గర్లో హోమ్ లోన్ ప్లాన్ ఉంటే అసలే వద్దు.

ఫీజు లేని మొదటి కార్డుని క్లోజ్ చేయకండి, ఎక్కువ కాలం నడిచిన అకౌంట్ ఉండటం స్కోర్‌కి బలం. రెండు మూడు నెలలకోసారి ఒక రీఛార్జ్ చేసి కట్టేస్తే చాలు, ఏడాది పైగా అసలు వాడకపోతే బ్యాంకు మీకు చెప్పి క్లోజ్ చేసేయొచ్చు.

ఎంఎస్‌కి అమెరికా వెళ్ళే పిల్లలు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇక్కడి సిబిల్ మామూలుగా అక్కడ పనికిరాదు, అక్కడ మళ్ళీ మొదట్నుంచీ కట్టుకోవాలి. కానీ ఇక్కడ యాన్యువల్ ఫీజు ఉన్న కార్డు వదిలేసి, ఇండియా సిమ్ ఆగిపోయి, 590 రూపాయల ఫీజు బిల్లు ఎవరూ చూడకపోతే అది లేట్ ఫీజులతో పెరిగిపోతుంది, తిరిగి వచ్చి ఇల్లు కొనేటప్పుడు బయటపడుతుంది. వెళ్ళేలోపు దాన్ని ఫీజు లేని కార్డుగా మార్పించండి, లేదా క్లోజ్ చేయండి.

క్లోజ్ చేసేటప్పుడు:
- పాయింట్లు వాడేసి, బాకీ, ఈఎంఐలు మొత్తం తీర్చండి
- కార్డుకి లింక్ చేసిన సబ్‌స్క్రిప్షన్లన్నీ తీసేయండి
- రిక్వెస్ట్ ఈమెయిల్‌లోనో యాప్‌లోనో పెట్టి నంబర్ దాచుకోండి
- బాకీ లేకపోతే 7 వర్కింగ్ డేస్‌లో క్లోజ్ చేయాలి, లేదంటే ఆ తర్వాత రోజుకి 500 చొప్పున మీకు ఇవ్వాలి
- నో డ్యూస్ లెటర్ అడిగి తీసుకోండి
- రెండు నెలల తర్వాత రిపోర్ట్‌లో క్లోజ్డ్ అని, బాకీ సున్నా అని వచ్చిందో లేదో చూడండి